కరెంటు పోయినా ఆగని సాంచా

దెయ్యం కథ చెప్పి భయపెట్టడాన్ని చాలామంది చిల్లర విద్యగా చూస్తారు. నేను ఒప్పుకోను. నలుగురు కూర్చున్న చోట ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి వినడం ఇవాళ ఎంత అరుదో మీకు తెలుసు. ఆ పని చేయించగలిగిన మాట క్లాసులో పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుంది, కోర్టులో వాదించేటప్పుడు పనికొస్తుంది, ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడూ పనికొస్తుంది. ఏది ముందు చెప్పాలి, ఏది దాచాలి, ఎక్కడ ఆగాలి అనేవి తెలిస్తే మాట మీద పట్టు వచ్చినట్టే. భయం కథలో వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ క్షణమే బయటపడుతుంది. ఎదుటివాడు భయపడడు, అంతే. అందుకే ఈ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం ఇచ్చాను. కథలు రాసేవాళ్లకు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రవాళ్లకు, రాత్రి పడుకునేముందు మనవలకు కథ చెప్పే తాతలకు, అమ్మమ్మలకు అందరికీ ఇది వర్తిస్తుంది.

మనవాళ్లు రాసే భయం కథల్లో సగం ఇట్లా మొదలవుతాయి: "అది అమావాస్య రాత్రి. కుండపోత వాన. ఊరికి దూరంగా పాడుబడ్డ బంగళా. ఎక్కడో నక్క ఊళ వేసింది. అతని గుండె ఝల్లుమంది." ఇందులో లేనిదేమీ లేదు. చీకటి ఉంది, వాన ఉంది, నక్క ఉంది, ఝల్లుమన్న గుండె కూడా ఉంది. అయినా చదివేవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎందుకంటే ఆ బంగళాలో మనమెవరమూ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అక్కడ ఏది మామూలో మనకు తెలియదు. మామూలు తెలియని చోట ఏది జరిగినా వింత అనిపించదు.

ఇప్పుడు సిరిసిల్లకు రండి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. సాంచాల చప్పుడు పగలూ రాత్రీ ఉంటుంది. ఆ చప్పుడులోనే పిల్లలు పుస్తకం పట్టుకుంటారు, ముసలివాళ్లు కునుకు తీస్తారు. కొత్తగా వచ్చిన చుట్టానికి నిద్ర పట్టదు గానీ ఇంటివాళ్లకు ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. అక్కడ పెట్టి ఒక చిన్న ముక్క రాస్తాను, చదవండి.

"కరెంటు పోయింది. సాంచాలు ఆగినయ్. లక్ష్మి కండెలు చుట్టుడు ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంది. చెవులల్ల ఇంకా చప్పుడైతనే ఉంది. రోజూ అంతే, ఆగినంక కాసేపటిదాక పోదు. తడుముకుంట పోయి అగ్గిపెట్టె తీసింది. దీపం ముట్టిచ్చింది. అప్పుడు తెలిసింది, చప్పుడు చెవులల్ల కాదు. కార్ఖానా గోడ అవతల, మూలకున్న సాంచా నడుస్తనే ఉంది."

అమావాస్య లేదు, నక్క లేదు, దెయ్యమన్న మాటే లేదు. లక్ష్మి భయపడిందని కూడా నేను చెప్పలేదు. కానీ ఆఖరి వాక్యం దగ్గర మీ మెడ వెనక ఏదో కదిలి ఉంటుంది. ఆ పని చేసింది నేను కాదు. సాంచా కరెంటు మీద నడుస్తుందన్న ఎరుక మీలో ముందే ఉంది. ఆ ఎరుక తెగింది. తెగిన చోటులో ఏముందో మీరే ఊహించుకున్నారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: భయపెట్టేది మనం చూపించే వింత కాదు, వినేవాడు గట్టిగా నమ్మిన ఒక నియమం అతని కళ్లముందే తప్పడం. కాబట్టి కథకుడి మొదటి పని ఆ నియమాన్ని వినేవాడి చేత నమ్మించడం. భయపెట్టడం ఆ తర్వాతి పని.

సిరిసిల్లవాడికి సాంచా గురించి చెప్పనక్కర్లేదు. చెన్నూరులో వినేవాడికి చెప్పాలి. ఎట్లా చెప్పాలి? పాఠంలా చెబితే కథ చస్తుంది. ఒకసారి మామూలుగా జరగనివ్వండి. కథ మొదట్లో, మిట్టమధ్యాహ్నం, ఒకసారి కరెంటు పోనివ్వండి. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. పనివాళ్లు బయటికొచ్చి బీడీ ముట్టిస్తారు, ఎవడో బిల్లు గురించి తిట్టుకుంటాడు, ఒకడు చాయ్ తెస్తాడు. కరెంటు వస్తుంది, మళ్లీ పని. ఆ చోట చదివేవాడికి ఏ అనుమానమూ రాకూడదు. మరమగ్గాల ఊరి జీవితం చూపిస్తున్నారులే అనుకోవాలి. రెండోసారి కరెంటు పోయినప్పుడు మాత్రం అతనికి అన్నీ తెలిసి ఉంటాయి. మనవాళ్లు ఈ మొదటిసారిని ఎగ్గొట్టి తిన్నగా రెండోదానికి పోతారు. కథ ఊరికే బుస్సుమని చల్లారిపోవడానికి అసలు కారణం అదే.

చప్పుడు నేర్పడం ఎంత బలమైన పనో గోదావరిఖనిలో, మందమర్రిలో, బెల్లంపల్లిలో బాయి పని చేసినవాళ్లను అడగండి. బొగ్గుగనిని అక్కడ బాయి అనే అంటారు. పనిచోటికి పోగానే పై కప్పును కర్రతోనో గడ్డపారతోనో కొట్టి చూస్తారు. గట్టి బండయితే ఖంగుమంటుంది. పొర వదిలిన బండయితే డొల్లగా మోగుతుంది. కప్పు కింద నిలబెట్టిన కట్టె దిమ్మెలు బరువు పడ్డప్పుడు కిర్రుమంటాయి. పాతకాలపు కార్మికులు ఇనుప దిమ్మె కంటే కట్టె దిమ్మెను నమ్మింది ఇందుకే, అది విరగబోయే ముందు చెప్తుంది. ఇప్పుడు మీకు రెండు చప్పుళ్లు తెలుసు. ఇక నేను కథలో ఒక కుర్రవాణ్ని మొదటిసారి బాయిలోకి దింపి, క్యాప్ ల్యాంపు వెలుగు పడ్డంత మేరే అతనికి లోకం అని చెప్పి, "సర్దార్ మూడుచోట్ల కొట్టిండు. రెండుచోట్ల ఖంగుమంది. మూడోచోట కొట్టి, ఏం మాట్లాడకుంట వెనకకు జరిగిండు" అని ఆపితే చాలు. మూడో చప్పుడు ఎట్లా వచ్చిందో నేను రాయలేదు. మీరు విన్నారు.

ఈ గనుల్లో భయం కల్పన కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. అట్లాంటి చోట పనికి పోయి షిఫ్టు దిగి ఇంటికి వచ్చే మనిషి గురించి రాసేటప్పుడు దెయ్యాన్ని తెచ్చిపెట్టడం ఆ మనిషికి చేసే అన్యాయమని నా అభిప్రాయం. ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి, షిఫ్టు దిగే వేళ, రాని మనిషి. ఈ మూడూ చాలు.

నియమం నేర్పాక రెండో విద్య, ఆపి ఉంచడం. దీనికి మన దగ్గర 'బలగం' కంటే మంచి పాఠం లేదు. 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమాను తీసిన వేణు ఎల్దండిది సిరిసిల్ల ప్రాంతమే. ఊళ్లల్లో తెర కట్టుకుని ఊరంతా కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. దాన్ని అందరూ కుటుంబ కథ అంటారు, కాదనను. కానీ దాని ఎముకల గూడు సస్పెన్స్ కథది. ముసలాయన చనిపోయాడు. పిట్టకు పెట్టారు. ముట్టలేదు. మళ్లీ పెట్టారు, మళ్లీ ముట్టలేదు. పదకొండో రోజు దగ్గర పడుతోంది. కాకి ముట్టడమంటే ఏమిటో, ముట్టకపోతే ఇంటిమీదా ఊరిమీదా ఏ మాట పడుతుందో సినిమా మొదట్లోనే మనకు నేర్పింది. ఆ తర్వాత దర్శకుడు పెద్దగా చేసిందేమీ లేదు, మనల్ని విస్తరాకు ముందు కూర్చోబెట్టాడు. ఒక మామూలు కాకి కొమ్మ మీద నుంచి దిగుతుందా లేదా అని థియేటర్లో వందలమంది గుడ్లప్పగించి చూశారంటే ఆలోచించండి. పులి కాదు, పిశాచం కాదు, కాకి.

ఇట్లా ఆపి ఉంచినప్పుడు మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగంలో చూశారు. కంప్యూటర్ ఆటలో రాయి కింద పాముందో లేదో ఊహించాలి. పాముంటే చేతికి కరెంటు షాక్ తగులుతుంది. షాక్ ఖాయమని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే వాళ్లు ఎక్కువ ఒత్తిడి పడ్డారు. అంటే దెబ్బ కంటే దెబ్బ పడుతుందేమోనన్నది ఎక్కువ బాధ. కథకుడికి దీని అర్థం ఒక్కటే. కీడు ఖాయమని ముందే తేల్చకండి, మంచి జరుగుతుందన్న ఆశనూ తీసేయకండి. రెండు పళ్లాలూ సరిసమానంగా ఊగాలి. విస్తరాకు దగ్గర కాకి ఒక అడుగు ముందుకు వేయాలి, అప్పుడే ఎగిరిపోవాలి. అసలు కాకి రాకపోతే వినేవాడు మనసు గట్టిపరచుకుంటాడు, మన పట్టు జారుతుంది.

సస్పెన్స్‌కూ ఉలికిపాటుకూ ఉన్న తేడా సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన టేబుల్ కింది బాంబు ముచ్చటతో లోకమంతటికీ తెలుసు కాబట్టి ఇక్కడ విడమరచను. ఒక్క మాట చాలు. తలుపు చాటు నుంచి కుర్రాడు "బే" మని దూకితే ఉలిక్కిపడతాం, రెండు నిమిషాల్లో నవ్వుకుంటాం. అయితే ముందే జంకుతో ఉన్నవాడు చిన్న చప్పుడికి కూడా రెట్టింపుగా ఉలిక్కిపడతాడు. కాబట్టి ఉలికిపాటు వాడదలిస్తే ముందు జంకు పేర్చుకోండి. ఒట్టి ఉలికిపాట్లతో నింపిన సినిమా చూసొచ్చినవాడు ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతాడు.

ఇక కనిపించనిదాని సంగతి. ఇందులో ఉమ్మడి ఆదిలాబాద్‌ను మించిన గురువు లేదు.

మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి పులులు నది దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తుంటాయి. 2020 నవంబరులో కుమురం భీం జిల్లా దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ని, అదే నెలాఖరున పెంచికల్‌పేట మండలం కొండపల్లి దగ్గర పత్తి చేనులో ఒక అమ్మాయిని పులి చంపింది. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో మళ్లీ పత్తి చేనులోనే ఒక మహిళ బలయింది. నవంబరంటే పత్తి ఏరే కాలం. చేను వదిలితే ఆ ఏటి తిండి పోతుంది, చేనుకు పోతే ప్రాణభయం.

ఆ చేనును ఒకసారి కళ్లముందు పెట్టుకోండి. నల్లరేగడి నేల, నడుము ఎత్తు మొక్కలు, విచ్చుకున్న తెల్లటి పత్తి. పట్టపగలు, ఎండ. పత్తి ఏరే మనిషి నడుముకు ఒడి కట్టుకుని వంగి ఉంటుంది. వంగిన మనిషికి కనబడేది చేతి ముందున్న నాలుగు కాయలే. సాళ్ల మధ్య గాలికి ఆకు కదులుతుంది. ఆకు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. 2024లో ఆ ఘటన తర్వాత అక్కడి కూలీలు మనిషి ముఖం బొమ్మలున్న మాస్కులు తలకు వెనకవైపు కట్టుకుని చేన్లోకి దిగారు. పులి వెనక నుంచే దూకుతుంది, ముఖం కనిపిస్తే వెనకాడుతుందన్న ఆలోచన అది. సుందర్‌బన్స్‌లో వాడిన ఉపాయం. గుంపుగానే పోవాలి, పొద్దుండగానే తిరిగి రావాలి.

నేను చదివిన భయం కథలన్నింటికంటే ఆ మాస్కు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అందులో పులి లేదు. పులి ఉందని నమ్మిన మనుషులు చేసుకున్న ఏర్పాటు మాత్రమే ఉంది. పత్తి ఏరుతున్న ఆడవాళ్ల వరుస, ముందు వంగిన వీపులు, వెనక్కి చూస్తున్న బొమ్మ ముఖాలు. ఈ ఒక్క దృశ్యం రాయగలిగితే పులి పంజా, కోరలు, నెత్తుటి మరకలు రాయాల్సిన పని లేదు. కనిపించనిదాన్ని చూపించాలంటే దానికి భయపడ్డవాళ్లు ఏం చేసుకున్నారో చూపించండి. గడపకు కట్టిన గుమ్మడికాయ, రాత్రి ఎనిమిదికే మూసిన కిరాణా కొట్టు, పిల్లవాడి నడుముకు కట్టిన తాయెత్తు, బడి గంట ముందే కొట్టించిన సారు. 1975లో వచ్చిన 'జాస్' సినిమా షూటింగ్‌లో యంత్రపు సొరచేప పదేపదే పాడవడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు తెరమీదకు తేలేకపోయాడు. నీళ్లనూ, నీళ్లలో ఊగే పీపాలనూ చూపించి నడిపాడు. ఆ సినిమా అంత భయపెట్టడానికి ఆ లేమే కారణమైంది. మన కుర్రవాళ్లు మేకప్ డబ్బుల్లేవని బాధపడుతూ షార్ట్ ఫిల్ములు ఆపేస్తుంటారు. డబ్బుల్లేకపోవడం ఇక్కడ వరమే.

ఇంతవరకూ చెప్పినవన్నీ పనితనం. నేర్చుకుంటే వస్తాయి. దానికింద ఇంకొకటి ఉంది. అది లేకపోతే పనితనమంతా వృథా.

లక్ష్మి దగ్గరికి మళ్లీ వెళ్దాం. మూలకున్న ఆ సాంచా ఎవరిది? ఆర్నెల్ల కింది దాకా దాని మీద నిలబడ్డది ఆమె భర్త అని ఒక్క వాక్యం ముందు పేజీలో పడనివ్వండి. ఆయన పోయినంక ఆ సాంచా అమ్ముదామని మరిది అన్నాడు, లక్ష్మి జవాబు చెప్పలేదు. అంతే రాయండి. ఇప్పుడు దీపం పట్టుకుని గోడవైపు చూస్తున్న లక్ష్మి మనసులో ఏముంది? భయం ఒక్కటే ఉంటే ఆమె బయటికి పరుగెత్తాలి. ఆమె పరుగెత్తదు. ఆయనే అయితే బాగుండునన్న ఆశ ఆమె కాళ్లను పట్టుకుంది. ఆయనే అయితే ఎట్లా అన్న వణుకు కూడా పట్టుకుంది. వద్దనుకునేదీ కావాలనుకునేదీ ఒకే తలుపు వెనక ఉన్నప్పుడు పుట్టే భయానికి మందు లేదు. ఇంగ్లీషులో డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన కోతి పంజా కథ ఇంతకాలం బతికింది ఇందుకే. చచ్చిపోయిన కొడుకు తిరిగి రావాలని తల్లి కోరుకుంటుంది. రాత్రి తలుపు చప్పుడవుతుంది. తల్లి గడియ తీయడానికి పరుగెత్తుతుంది. ఏ స్థితిలో వచ్చి ఉంటాడో తెలిసిన తండ్రి వణికిపోతాడు. తలుపు అవతల ఉన్నదాన్ని జేకబ్స్ ఆఖరిదాకా చూపించలేదు.

మనకు ఇంత దూరం పోనక్కర్లేదు. "ఓ స్త్రీ రేపు రా" అని తెలుగు ఊళ్లల్లో తలుపుల మీదా గోడల మీదా రాసుకున్న రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. ఆ పుకారు ఎవరు పుట్టించారో గానీ గొప్ప కథకుడి లెక్క తెలిసినవాడు. అందులో దెయ్యానికి కోరలు లేవు, తెల్లచీర లేదు. అది రాత్రిపూట మీ ఇంటికే వచ్చి, మీ పేరుతోనే, మీకు బాగా తెలిసిన మనిషి గొంతుతోనే పిలుస్తుంది. పలికితే పోతారు. తల్లి పిలిస్తే పలకడం కంటే సహజమైనది లోకంలో లేదు, సరిగ్గా దాన్నే ఆ కథ ప్రమాదంగా మార్చింది. ఆ కాలంలో నిజంగా పొద్దుపోయి ఇంటికి వచ్చిన తల్లులు ఎంతమంది వాకిట్లో నిలబడి ఉంటారో, లోపల పిల్లలు నోరు నొక్కుకుని ఎట్లా కూర్చుని ఉంటారో ఊహించండి. మీ కథలో పాత్ర ఎవరినైనా ప్రేమించేలా చేయండి. పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషిని ఎంత పెద్ద దెయ్యం ముందు నిలబెట్టినా చదివేవాడు ఆవలిస్తాడు.

భాష గురించి కొద్దిగా. భయంకరం, భీతావహం, గగుర్పాటు, ఒళ్లు జలదరించింది లాంటి మాటలు మీ చిత్తుప్రతిలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర పెన్నుతో గీయండి. గీసినవన్నీ కొట్టేసి చదవండి. కథ బలపడితే సరే. కూలిపోతే ఆ మాటలే దిమ్మెలుగా నిలబడి ఉన్నాయన్నమాట, లోపల బండ లేదు. చివరి క్షణంలో వాక్యాలు పొట్టివి చేయాలని అందరూ చెప్తారు. నిజమే గానీ దానికి ముందు పొడుగు వాక్యం, తీరికగా సాగే మాట ఉంటేనే ఆ పొట్టి వాక్యం తగులుతుంది. నోటితో చెప్పేటప్పుడు గొంతు పెంచకండి, తగ్గించండి. వినేవాళ్లు ముందుకు వంగుతారు.

ముగింపు చాలామందికి కష్టం. దెయ్యం ఉందా లేదా తేల్చాలా? లక్ష్మి గోడ అవతలికి వెళ్లి చూసిందనుకోండి. అక్కడ భర్త కనిపిస్తే మన కథ వేలకథల్లో ఒకటవుతుంది. ఎలుక కనిపిస్తే చదివేవాడు మోసపోయాననుకుంటాడు, అది ఇంకా ఘోరం. నేనైతే ఇట్లా ముగిస్తాను: ఆమె గుమ్మం దాటేలోపు కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారిగా మోగినయ్. ఇప్పుడు ఆ ఒక్క చప్పుడు వేరుగా వినబడే దారి లేదు. తెల్లారి మరిది వచ్చి ఆ మూల సాంచా మీది బట్టను కొలవబోతే లక్ష్మి వద్దంది. ఎందుకు వద్దందో చెప్పను. కొలిస్తే ఏదో ఒకటి తేలుతుంది, తేలిన తర్వాత ఆశకూ చోటుండదు. ఈ ముగింపు మీకు నచ్చకపోతే మీది రాయండి. రెండూ ఎవరికైనా చదివి వినిపించి, ఎవరు ఏ చోట "ఆ తర్వాత?" అన్నారో గుర్తు పెట్టుకోండి. ఆ ప్రశ్న వచ్చిన చోటనే మీ కథ బతికి ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది పనితనం కాదు, బాధ్యత. దీన్ని వదిలేస్తే ఈ అధ్యాయం రాయకపోవడమే మేలు.

1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగువాళ్లను ఊపేసింది. పసిపిల్ల మీద జరిగే చేతబడి కథ అది. వారం వారం ఎదురుచూసి చదివారు. తర్వాతి కాలంలో 'విజయానికి ఐదు మెట్లు' రాసి వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు తెలుగులో పెద్ద మార్కెట్ తెచ్చిందీ ఆయనే. పాఠకుణ్ని పట్టి కూర్చోబెట్టే విద్యలో ఆయన నేర్పు మీద నాకు గౌరవం ఉంది. అదే సమయంలో ఆ నవల మూఢనమ్మకాన్ని పెంచుతుందని రచయిత్రి రంగనాయకమ్మ ఒక పుస్తకమే రాశారు. ఆమె లేవనెత్తిన ప్రశ్నను భయం కథ రాసే ప్రతివాడూ తనకు తాను వేసుకోవాలి. మన జిల్లాల్లో మరీ ముఖ్యంగా. ఇక్కడ చేతబడి, బాణామతి అన్నవి కథల్లో మాత్రమే ఉండే మాటలు కావు. 2022 జనవరిలో జగిత్యాలలో కుల సంఘం సమావేశానికి వచ్చిన ఒక తండ్రినీ ఆయన ఇద్దరు కొడుకులనూ మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో నలుగురి మధ్యనే పొడిచి చంపారు. అదొక్కటే కాదు, ఇట్లాంటి వార్తలు ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. జ్వరం తగ్గని పిల్లవాడు, చచ్చిన గేదె, వీటికి కారణం వెతికే వేలు ఒంటరి ముసలమ్మ ఇంటివైపు, బలంలేని కులంవాడి ఇంటివైపు తిరుగుతుంది. ఆ వేలికి దారి చూపించే కథ మన చేతి నుంచి పోకూడదు. మీ కథ చదివి మూసినవాడి అనుమానం ఎటు పోతోందో చూడండి. గనిలో నీటి వైపు, చేనులో కదిలే ఆకు వైపు, తన మనసులోని ఆశ వైపు పోతే పోనివ్వండి. పక్కింటి మనిషి వైపు పోతుంటే ఆ పాత్రను మార్చి మళ్లీ రాయండి.

లేదా ఆ ఒంటరి ముసలమ్మ ఇంటి లోపలికే వెళ్లండి. మన ప్రాంతంలో ఇంకా సరిగా రాయని భయం కథ అక్కడుంది. ఇంతవరకూ నేర్చుకున్నవన్నీ అక్కడ పనికొస్తాయి. ఎరుకైన చోటుంది: ఆమె నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లు. నియమముంది: ఆపద వస్తే వాడకట్టును పిలవాలి, వాడకట్టు వస్తుంది. ఎరిగిన గొంతులున్నాయి: వాళ్లల్లో ఒకడికి వాడి చిన్నప్పుడు ఆమె అన్నం తినిపించింది. మొదటి పేజీలో బావి దగ్గర ఒకామె పలకరించకుండా పోతుంది. రెండో పేజీలో పక్కింటి కోడలు పిల్లవాణ్ని ఆమె ఒళ్లోంచి తీసుకుంటుంది, నవ్వుతూనే. మూడో పేజీలో కిరాణా కొట్టువాడు చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెడతాడు. రాత్రి వాడకట్టంతా ఆమె వాకిట్లోకి వచ్చేసరికి చదివేవాడికి ప్రతి గొంతూ తెలిసి ఉండాలి. ఈ వారం మొదటి మూడు పేజీలు మాత్రమే రాయండి. చేతబడి అన్న మాట ఆ పేజీల్లో ఎక్కడా రానీయకండి.